కబురు అందాక కదిలేదెవరు?

2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చారు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్ళ టెలిమెడిసిన్ కేంద్రాన్ని ఆ పర్యటనలోనే లాంఛనంగా ప్రారంభించారు. అరగొండ అపోలో వ్యవస్థాపకుడు ప్రతాప్ సి.రెడ్డి సొంతూరు. పల్లె ఆసుపత్రిలో ఉన్న రోగిని పట్నంలో కూర్చున్న డాక్టరు ఉపగ్రహం సాయంతో తెర మీద చూడటం అప్పటికి పెద్ద వింత. అయిదు నెలలు గడిచాయి. ఆగస్టు 28న అదే హైదరాబాద్‌లో, బషీర్‌బాగ్ దగ్గర, కరెంటు చార్జీల పెంపును నిరసిస్తూ అసెంబ్లీకి బయల్దేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు.

వైద్యానికీ కరెంటుకూ తెలుగు రాజకీయాల్లో ఉన్న బరువు ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా తొలి సంతకం పెట్టింది వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీదే. మూడేళ్ళకు పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆ తర్వాత ఏ పార్టీ వచ్చినా ఈ రెండింటి జోలికి పోయి వాటిని ఎత్తేసే సాహసం చేయలేదు.

ఈ పాతికేళ్ళలో రెండు రంగాల్లోకీ కంప్యూటర్ వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది, సెన్సర్లు వచ్చాయి, ఇప్పుడు కృత్రిమ మేధ వస్తోంది. వీటితో ఏం మారిందంటే రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. సమీక్షా సమావేశాల్లో అంతా మారిపోయింది. ఊళ్ళో మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ కాలితే లైన్‌మన్ కోసం ఎదురుచూపులు, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ కోసం క్యూ. రెండూ నిజమే. నాకు అర్థమైనంతలో, కబురు చేరవేయడంలో డిజిటల్ పరిజ్ఞానం చాలాచోట్ల విఫలం కాలేదు. ఆ కబురు అందుకున్నవాళ్ళ దగ్గర వాహనమో మందో మనిషో డబ్బో సిద్ధంగా ఉన్నచోట జనానికి మేలు జరిగింది. లేనిచోట అది కంప్యూటర్ తెర మీద ఒక అంకెగా మిగిలింది. ఈ కొలతతోనే రెండు రంగాలనూ చూద్దాం.

గ్రిడ్ సంగతి

విద్యుత్తును పెద్ద ఎత్తున దాచుకోవడం కష్టం. కాబట్టి ఏ క్షణానికి ఆ క్షణం ఉత్పత్తీ వాడకమూ సరిపోవాలి. తేడా వస్తే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి పక్కకు జరుగుతుంది. మరీ జరిగితే యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి ఒకదాని వెనక ఒకటి తప్పుకుంటాయి. 2012 జూలై 30న బీనా–గ్వాలియర్ లైను మీద భారం ఎక్కువై ట్రిప్ కావడంతో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలాయి. 60 కోట్ల మందికి పైగా ఉన్న ప్రాంతానికి కరెంటు పోయింది. దక్షిణాది బయటపడింది, అయితే అది మన ఘనత కాదు. అప్పటికి మన గ్రిడ్ మిగతా దేశంతో డీసీ లింకుల ద్వారానే ముడిపడి ఉంది, అంతే. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైను మొదలవడంతో ఆ రక్షణా పోయింది. ఇప్పుడు దేశమంతటికీ ఒకే ఫ్రీక్వెన్సీ.

అంత పెద్ద యంత్రాన్ని కంటితో చూస్తూ నడపడం కుదరదు. పాత పద్ధతిలో సబ్‌స్టేషన్ కొలతలు కొన్ని సెకన్లకోసారి కంట్రోల్ రూముకు వచ్చేవి. 2012 తర్వాత దేశమంతటా పెరిగిన ఫేజర్ కొలత పరికరాలు సెకనుకు పాతిక సార్లు కొలిచి, ప్రతి కొలతకూ జీపీఎస్ గడియారం చెప్పిన సమయం వేసి పంపుతాయి. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఏ భాగంలో ఏ రాష్ట్రం ఎంత తీసుకుంటుందో ముందే చెప్పాలనే నియమం 2002 ప్రాంతంలోనే మొదలైంది. 2008లో విద్యుత్ ఎక్స్ఛేంజి వచ్చాక విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఆ 15 నిమిషాల కరెంటును కూడా కొనుక్కోగలుగుతున్నాయి.

ఈ ఏర్పాట్లన్నిటికీ ఒక రాత్రి పరీక్ష ఎదురైంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు 9 నిమిషాలపాటు లైట్లు ఆపి దీపాలు వెలిగించమని ప్రధాని పిలుపునిచ్చారు. వాడకం 12 వేల నుంచి 14 వేల మెగావాట్ల దాకా పడిపోవచ్చని గ్రిడ్ నిర్వాహకులు లెక్కవేశారు. జనం ఉత్సాహం ఆ లెక్కను దాటిపోయింది. 31 వేల మెగావాట్ల పైచిలుకు తగ్గింది, అంటే అంచనాకు రెట్టింపు కంటే ఎక్కువ. అయినా గ్రిడ్ నిలబడింది. కారణం సాఫ్ట్‌వేర్ అని చెబితే సగమే చెప్పినట్టు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ అంచనా తప్పింది. కాపాడింది జలవిద్యుత్ కేంద్రాలు. వాటిని ముందే పూర్తి ఉత్పత్తిలో ఉంచి, లైట్లు ఆరుతుంటే నిమిషాల్లో తగ్గించి, మళ్ళీ వెలుగుతుంటే అంతే వేగంగా పెంచారు. తెర మీద కదిలే గీతను చూసి యంత్రాన్ని తిప్పగలిగిన మనుషులు ప్రతి కేంద్రంలోనూ ఆ రాత్రి నిద్ర మానుకుని ఉన్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ ఈ చాకచక్యం రోజువారీ అవసరమైపోతోంది. 2024 మే 30న దేశ గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. 2025 జనవరికి సౌర సామర్థ్యం 100 గిగావాట్లు దాటింది. ఉమ్మడి కర్నూలు జిల్లాలోని గని–శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నాటికే పూర్తయింది. అదే ప్రాంతంలో పిన్నాపురం దగ్గర పగటి సౌర విద్యుత్తుతో నీళ్ళు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలే 1,680 మెగావాట్ల పథకం చేపట్టారు. మేఘం ఎప్పుడు కమ్ముతుందో, గాలి ఎప్పుడు తగ్గుతుందో ముందే పసిగట్టే అంచనా విధానాలు బాగానే పనిచేస్తున్నాయి. కానీ సాయంత్రం ఆరు దాటాక అంచనా ఇంట్లో బల్బు వెలిగించదు. నిల్వ ఉండాలి.

మీటరు చుట్టూ తగువు

గ్రిడ్ మీద జరిగిన పని జనానికి కనబడదు కాబట్టి దాని మీద గొడవా లేదు. గొడవంతా ఇంటి గోడ మీదున్న మీటరుతోనే.

కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో ఆర్‌డీఎస్‌ఎస్ అనే పథకం తెచ్చింది. మొత్తం వ్యయం 3.03 లక్షల కోట్ల రూపాయలు. 2026 మార్చికల్లా 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు బిగించాలన్నది లక్ష్యం. 2025 నాటికి అందులో సగం కూడా గోడకెక్కలేదు. కొన్ని రాష్ట్రాలు ముందు నడిచాయి. బిహార్ వాటిలో ఒకటి. గుజరాత్‌లోని వడోదరలో 2024 మేలో జనం వీధికెక్కితే పని ఆపాల్సి వచ్చింది. ప్రైవేటు సంస్థ పెట్టుబడి పెట్టి నెలనెలా వసూలు చేసుకునే పద్ధతిని కేరళ ఒప్పుకోలేదు.

మీటరులో మోసం ఉందన్న అనుమానం చాలామందిలో ఉంది గానీ, అసలు ఇబ్బంది అది కాదు. పావుగంటకో అరగంటకో వాడకాన్ని కొలిచి రేడియో ద్వారానో సిమ్ ద్వారానో పంపే ఈ పరికరం పాత మీటరు కంటే తక్కువేమీ కొలవదు, ఎక్కువా కొలవదు. వోల్టేజి ఎంత ఉందో, కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో కూడా నమోదు చేస్తుంది. కరెంటు పోయే చివరి క్షణంలో ‘పోతున్నాను’ అని ఒక సంకేతం పంపే ఏర్పాటు కూడా ఉంటుంది. అంటే ఊళ్ళో ఎవరూ ఫోన్ చేయకుండానే ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద చీకటి పడిందో సబ్‌స్టేషన్‌కు తెలియాలి.

తెలిసి ఏం లాభం? లైన్‌మన్లు చాలినంతమంది లేకపోతే, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో పెట్టడానికి మరొకటి డివిజన్ కేంద్రంలో సిద్ధంగా లేకపోతే, ఆ సంకేతం ఎవరినీ కదిలించదు. కానీ మీటరులో ఇంకో భాగం ఉంది. డబ్బు అయిపోగానే లోపలి రిలే తెగి కరెంటు దానంతటదే ఆగిపోతుంది. ఆ పనికి లైన్‌మన్ అక్కర్లేదు. డిస్కంకు మేలు చేసే సగం మనిషి లేకుండా పనిచేస్తుంది, వినియోగదారుడికి మేలు చేసే సగానికి మాత్రం మనిషి కావాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకునే సంస్థ దేన్ని ముందు అమల్లో పెడుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. జనం అనుమానానికి మూలం ఇక్కడుంది; దాన్ని ‘అవగాహన లోపం’ అని కొట్టిపారేయడం అధికారులకు అలవాటైపోయింది.

డిస్కంల వాదన కూడా వినాలి. సరఫరాలో, వసూళ్ళలో పోయేది దేశం మొత్తం మీద 2022–23లో 15 శాతం పైచిలుకు. ఈ నష్టం భారం చివరికి సక్రమంగా బిల్లు కట్టేవాళ్ళ మీదే పడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంకో చిక్కుంది. వ్యవసాయ మోటార్లకు చాలావరకు మీటర్లు లేవు కాబట్టి ఆ వాడకాన్ని కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి మిగతాది అంచనా కడతారు. అంచనా ఉన్నచోట సర్దుబాటుకు చోటుంటుంది. లైన్లలో పోయిందీ, దొంగతనంలో పోయిందీ కలిపి రైతు ఖాతాలో రాయడం సులువు. రైతు పేరు మీద ప్రభుత్వం ఎంత సబ్సిడీ ఇస్తోందో, అందులో రైతుకు నిజంగా అందేదెంతో తేల్చడానికి మీటరు ఉపయోగపడుతుందన్న మాటలో పస ఉంది.

అయితే ఆ మాట రైతుతో ఎవరు, ఎలా అన్నారన్నది వేరే సంగతి. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉచిత విద్యుత్తు సబ్సిడీని రైతు ఖాతాలో వేసి, దాన్ని డిస్కంకు కట్టించే పద్ధతికి ఉత్తర్వు ఇచ్చి, శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం మొదలుపెట్టింది. విద్యుత్ సంస్కరణలు చేపట్టిన రాష్ట్రాలకు స్థూల ఉత్పత్తిలో 0.5 శాతం దాకా అదనపు అప్పు తెచ్చుకునే వీలు కేంద్రం కల్పించడంతో, ఇదంతా అప్పు కోసమేనన్న విమర్శ వచ్చింది. తెలంగాణలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మోటార్లకు మీటర్లు పెట్టే ప్రసక్తే లేదని పదేపదే ప్రకటించారు. ఖాతాలో డబ్బు ఒక నెల ఆలస్యమైతే మోటారు ఆగుతుందా ఆగదా? రైతు అడిగింది ఈ ఒక్క ప్రశ్న. గ్యాసు సబ్సిడీ నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు దాకా చూసినవాడు ఆ ప్రశ్న అడగకుండా ఎలా ఉంటాడు?

ప్రభుత్వం మీటరు గురించి ఇంత తర్జనభర్జన పడుతుంటే, రైతు తనకు కావలసిన పరికరాన్ని తానే బజారులో కొనుక్కున్నాడు. రాత్రిళ్ళు కరెంటు ఇచ్చే రోజుల్లో మోటారు వేయడానికి చీకట్లో పొలం వెళ్ళి పాముకాటుకో షాకుకో బలైనవాళ్ళు ఎందరో. ఆ బాధ తప్పించుకోవడానికి ముందు ఆటో స్టార్టర్లు వచ్చాయి. కరెంటు రాగానే ఆ లైను మీదున్న మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ కాలేది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇవ్వబోయే ముందు తెలంగాణ ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా ప్రచారం చేయాల్సి వచ్చింది. తర్వాత సిమ్ కార్డుతో పనిచేసే మొబైల్ స్టార్టర్లు వ్యాపించాయి. ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్ కొడితే మోటారు లేస్తుంది. మూడు ఫేజుల్లో ఒకటి లేకపోయినా, బోరులో నీళ్ళు తగ్గినా మోటారు ఆపేసి మెసేజ్ పెడుతుంది. దీనికి ఏ మిషనూ లేదు, ఏ ఆవిష్కరణ సభా లేదు. కబురు అందేదీ, ఆ కబురుతో పని చేసేదీ ఒకే మనిషి కావడమే ఇది ఇంత తేలిగ్గా పాతుకుపోవడానికి కారణం. బోరు అడుగంటే దాకా తోడేయడం కూడా దీనివల్ల సులువైందన్నది వేరే విచారం.

108 నుంచి ఆరోగ్యశ్రీ దాకా

వైద్యంలో మనవాళ్ళు దేశానికి చూపించిన దారి చిన్నదేమీ కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు స్థాపించిన ఈఎంఆర్‌ఐ దీన్ని నడిపింది. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక జీవీకే చేపట్టింది. ఫోన్ ఎత్తినవాళ్ళ ముందు కంప్యూటర్, అందులో కాల్ వివరాలు, దగ్గర్లో ఏ అంబులెన్సు ఖాళీగా ఉందో చెప్పే మ్యాపు. ఈ రోజు చూస్తే అందులో ఆశ్చర్యపడాల్సిన సాంకేతికత ఏమీ లేదు. అయినా ఆ తరం డిజిటల్ పథకాల్లో ప్రాణాలు నిలబెట్టింది ఏదంటే జనం 108 పేరే చెబుతారు. ఫోన్ పెట్టేసిన కాసేపటికి ఒక బండి వచ్చి గుమ్మం ముందు ఆగేది. అందులో ఆక్సిజనూ, శిక్షణ పొందిన మనిషీ ఉండేవారు. బండ్లు పాతబడి, డీజిలుకు డబ్బుల్లేక షెడ్డులో నిలిచిన రోజుల్లో అదే సాఫ్ట్‌వేర్, అదే నంబరు ఉన్నా సేవ కుంటుపడింది.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పల్లెల్లో ఇంటర్‌నెట్ మొహం చూడనివాళ్ళే ఎక్కువగా ఉన్న కాలమది. తెల్లకార్డుతో వచ్చిన రోగిని ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర నమోదు చేసేవాళ్ళు. రిపోర్టులు, ఫోటోలు ఆన్‌లైన్‌లో పెడితే ట్రస్టు డాక్టర్లు చూసి ఆపరేషన్‌కు అనుమతి ఇచ్చేవాళ్ళు. డిశ్చార్జి అయ్యాక బిల్లూ ఆన్‌లైన్‌లోనే. కాగితం లేకుండా, రోగి చేతి నుంచి రూపాయి పడకుండా గుండె ఆపరేషన్ జరగడం పేదవాడికి నమ్మశక్యం కాని విషయం. పదకొండేళ్ళ తర్వాత వచ్చిన ఆయుష్మాన్ భారత్‌లోనూ ఈ పద్ధతే చూస్తాం.

ఈ రికార్డుల వల్ల ఇంకో మేలు జరిగింది. ఏ ఆసుపత్రి ఏ ఆపరేషన్లు ఎన్ని చేస్తోందో లెక్క తేలింది. చిన్న వయసు ఆడవాళ్ళకు అవసరం లేకుండా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆరోపణలు బలపడ్డాయి. ఆ తర్వాత అలాంటి కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. కబురు విని నిర్ణయం తీసుకోగల అధికారం ఉన్నవాళ్ళు కదిలారు కాబట్టి అది సాధ్యమైంది.

ఇప్పుడు ఆరోగ్యశ్రీ కింద చికిత్సకు ఇచ్చే డబ్బు పరిమితి చూడండి. 2023 డిసెంబరులో తెలంగాణ దాన్ని 10 లక్షలకూ, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకూ పెంచాయి. అంకె ఎంత పెద్దదైనా, ఆసుపత్రులకు బకాయిలు పేరుకుని సేవలు ఆపేస్తామని నోటీసులు ఇవ్వడం రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. కంప్యూటర్ బిల్లును ఒక్కరోజులో మంజూరు చేసినా ఖజానా నుంచి డబ్బు కదలాలి. అది కదలనప్పుడు కార్డు పట్టుకొచ్చిన రోగికి ‘సర్వర్ పనిచేయడం లేదు’ అనే జవాబు దొరుకుతుంది. సర్వర్ నిజంగా పనిచేయకపోవడం వేరు, దాని పేరు చెప్పడం వేరు. కౌంటరు ముందు నిలబడ్డవాడికి ఆ తేడా తెలిసే దారి లేదు.

అరగొండ నాటి ఊహ ఇప్పుడు ఈ-సంజీవని రూపంలో ఊరూరికీ వచ్చింది. మొహాలీలోని సీ-డాక్ తయారుచేసిన ఈ వ్యవస్థను 2019 నవంబరులో మొట్టమొదట అమలు చేసింది ఆంధ్రప్రదేశ్. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. కోవిడ్ దాన్ని ఇంటింటికీ తెచ్చింది. 2023 ఫిబ్రవరికి దేశంలో 10 కోట్ల సంప్రదింపులు పూర్తయ్యాయి. గ్రామ క్లినిక్‌లో ఉండే సిబ్బంది బీపీ, షుగర్ చూసి, తెర మీద డాక్టరుకు చెప్పి, మందులు ఇస్తారు. బీపీ మాత్ర కోసం రోజు కూలి మానుకుని మండల కేంద్రానికి వెళ్ళే ముసలివాళ్ళకు ఇది నిజమైన ఊరట. మాత్రలు క్లినిక్‌లో నిల్వ ఉన్న నెలల్లో ఊరట, అయిపోయిన నెలల్లో వట్టి మాటలు. రోజుకు ఎన్ని కాల్స్ అన్నదే సిబ్బంది పనికి కొలమానమైతే, కాల్స్ పెరుగుతాయి. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళెందరు అన్న లెక్క అడిగే అధికారి కావాలి.

లెక్కల భారం ఎవరి మీద పడుతోందో కూడా చెప్పాలి. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఏఎన్‌ఎంలకు ట్యాబులిచ్చి అన్మోల్ అనే యాప్ పెట్టారు. రిజిస్టర్ల బరువు తగ్గించడం ఉద్దేశం. రిజిస్టర్లు పోలేదు, యాప్‌లు పెరిగాయి. గర్భిణికో యాప్, టీకాకో యాప్, జ్వరాల సర్వేకో యాప్, హాజరుకు మొహం చూపించే యాప్. పగలంతా ఇళ్ళు తిరిగి, సిగ్నల్ దొరికే రాత్రివేళ ఎంట్రీలు చేసుకునే ఏఎన్‌ఎంను అడిగితే డిజిటల్ వైద్యం గురించి ఏ నివేదికలోనూ లేని విషయాలు చెబుతుంది. అమెరికాలో 2009 చట్టం తర్వాత ఆసుపత్రులన్నీ కంప్యూటర్ రికార్డులకు మారాక అక్కడి డాక్టర్ల గోడూ ఇదే: రోగి మొహం కంటే తెర మొహమే ఎక్కువ చూస్తున్నామని.

దీనికి భిన్నంగా నడిచిన సంస్థ మన మధ్యే ఉంది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987లో హైదరాబాద్‌లో మొదలైంది. 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో తొలి గ్రామీణ కంటి ఆసుపత్రి పెట్టింది. దాని కింద, సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున, చిన్న దృష్టి కేంద్రాలు. అక్కడ కూర్చునేది డాక్టరు కాదు. శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులు. అద్దాలతో సరిపోయే కేసును అక్కడే చూస్తారు. అనుమానం వస్తే కంటి ఫోటో పైకి పంపుతారు. ఆపరేషన్ కావాలంటే రోగి ఎక్కడికి వెళ్ళాలో ముందే ఖాయమై ఉంటుంది. కంప్యూటర్ రికార్డుల వ్యవస్థను సంస్థ సొంతంగా తయారుచేసుకుంది. ముందు మనుషులనూ మెట్లనూ అమర్చి, ఆ తర్వాత వాటి మధ్య తీగ లాగారు. మన ప్రభుత్వ పథకాలు చాలావరకు తీగతో మొదలవుతాయి.

కృత్రిమ మేధ, దొంగలు

కృత్రిమ మేధ గురించి ఇప్పుడు రాస్తున్నదాంట్లో సగం ప్రకటన, సగం భయం. నాకు నచ్చిన ఉదాహరణ థాయ్‌లాండ్‌ది. షుగర్ వల్ల కంటి తెర దెబ్బతిందో లేదో ఫోటో చూసి చెప్పే విధానాన్ని గూగుల్ పరిశోధకులు 2016లో ప్రచురించారు. భారత ఆసుపత్రుల డేటా, నిపుణుల సాయం అందులో ఉన్నాయి. పరీక్షల్లో అది నిపుణులైన కంటి డాక్టర్లకు దీటుగా నిలిచింది. థాయ్ క్లినిక్‌లలో పెట్టి చూసి 2020లో వెల్లడించిన ఫలితం వేరు: నర్సులు తీసిన ఫోటోల్లో అయిదో వంతుకు పైగా స్పష్టత చాల్లేదని యంత్రం తిరస్కరించింది. గదిలో వెలుతురు సరిగా లేదు, ఇంటర్‌నెట్ నెమ్మది. ఫోటో తిరస్కరించిన రోగిని దూరంలోని పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు. పని మానుకుని వచ్చినవాళ్ళకు అది శిక్షే అయింది. యంత్రం మేధలో లోపం లేదు. అది కూర్చున్న గదిని ఎవరూ చూడలేదు. పరిశోధకులు ఈ సంగతి దాచకుండా రాసినందుకు మెచ్చుకోవాలి.

ఇక దొంగలు. 2019లో తెలంగాణ, ఆంధ్ర డిస్కంల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగి ఆన్‌లైన్ సేవలు నిలిచాయి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకు తాళం వేసేశారు. దాదాపు రెండు వారాలు అంత పెద్దాసుపత్రి కాగితం, కలం మీద నడిచింది. 2023 జూన్‌లో, కోవిడ్ టీకా కోసం జనం కోవిన్‌లో ఇచ్చిన వివరాలు ఒక టెలిగ్రామ్ బాట్‌లో ప్రత్యక్షమయ్యాయి. ఆ ఏడాదే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2021 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబరు తీసుకుని, ఆసుపత్రి కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ పొందడం వరుసలో నిలబడే సమయాన్ని తగ్గించింది, అందులో సందేహం లేదు. మన రోగాల చిట్టా ఎవరికి చూపించాలో నిర్ణయించేది మనమేనని నియమాల్లో ఉంది. ఓపీ గది ముందు నొప్పితో నిలబడి ఫోన్‌లో ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేవాళ్ళలో ఎంతమంది చదివి నొక్కుతారు?

రెండూ కలిసేచోట

విద్యుత్తునీ వైద్యాన్నీ కలిపి ఆలోచించేవాళ్ళు తక్కువ, కానీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఫ్రిజ్‌లో అవి ఎప్పుడో కలిశాయి. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఈవిన్ అనే వ్యవస్థ కింద ఫ్రిజ్‌లకు సిమ్ ఉన్న ఉష్ణోగ్రత పరికరాలు బిగించారు. వేడెక్కితే సిబ్బంది ఫోన్‌కు మెసేజ్ పోతుంది. మెసేజ్ రాగానే టీకాలను మంచుపెట్టెలోకి మార్చే మనిషి ఉన్నాడు కాబట్టి ఇది పనిచేస్తోంది. ఛత్తీస్‌గఢ్‌లో పీహెచ్‌సీల మీద సోలార్ పలకలు పెట్టారు. అలాంటి కేంద్రాల్లో నెలవారీ ప్రసవాలు సోలార్ లేని కేంద్రాలకంటే దాదాపు రెట్టింపు ఉన్నట్టు పరిశోధన సంస్థ సీఈఈడబ్ల్యూ 2017 నాటి అధ్యయనంలో తేల్చింది. రాత్రి వెలుతురు ఉంటే నర్సు ఉంటుంది, నర్సు ఉంటే గర్భిణి వస్తుంది.

రెండో కలయిక ప్రీపెయిడ్ మీటరు దగ్గర జరగబోతోంది. ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద బతికే మనిషి, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకున్న మనిషి ఉన్న ఇంట్లో రీచార్జి అయిపోతే? బ్రిటన్‌లో ఇలాంటివాళ్ళ పేర్లు ప్రత్యేక జాబితాలో ఉంటాయి. అయినా 2023 ఫిబ్రవరిలో ఒక పెద్ద సరఫరా సంస్థ తరఫు మనుషులు నిస్సహాయుల ఇళ్ళలోకి జొరబడి ప్రీపెయిడ్ మీటర్లు బిగించారన్న వార్త బయటికొచ్చి, అక్కడి నియంత్రణ సంస్థ బలవంతపు బిగింపులను ఆపించాల్సి వచ్చింది. మన దగ్గర మీటరు ముందొస్తోంది. ఆ జాబితా కూడా ముందే రావాలి. డిస్కం దగ్గర ఇంటింటి వాడకం ఉంది, ఆరోగ్య శాఖ దగ్గర దీర్ఘకాలిక రోగుల వివరాలున్నాయి. రోగి ఒప్పుకుంటే ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడటానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పాఠకులు చేయగల పని ఒకటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో బాగు చేయాలనీ, లేకపోతే వినియోగదారుడికి పరిహారం కట్టాలనీ ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2004లోనే ప్రమాణాలు పెట్టింది. దూరం నుంచి కొలవగలిగే లోపాలకు పరిహారం దానంతటదే అందాలని కేంద్రం 2020 డిసెంబరు నాటి వినియోగదారుల హక్కుల నిబంధనల్లో రాసింది. ఇన్నాళ్ళూ కరెంటు ఎప్పుడు పోయిందో మన మాటే సాక్ష్యం. స్మార్ట్ మీటరు ఉన్న ఇంట్లో డిస్కం రికార్డే సాక్ష్యం. కాబట్టి ఈసారి కరెంటు పోయినప్పుడు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. గడువు దాటితే ఆ నంబరుతో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్ళి, మీ మీటరు పంపిన సమయాల చిట్టా చూపించమనండి, పరిహారం అడగండి.